తెర మీద రాజు, జీతాల పట్టీలో కూలీ
మలయా నటుల కథ, మన సురభి వాళ్ళ కథ

కౌలాలంపూర్‌లో జంట టవర్లు చూడడానికి వెళ్ళిన మనవాళ్ళలో చాలామంది జలాన్ పి. రామ్లీ అనే రోడ్డు మీద నడిచే ఉంటారు. కంపుంగ్ బారు వైపు నుంచి నది దాటి టవర్ల వైపు వెళ్ళే కాలిబాట వంతెన ఒకటి ఉంది. 2020లో తెరిచారు. రాత్రిపూట రంగురంగుల లైట్లు వెలుగుతాయి. దాని పేరు సలోమా బ్రిడ్జి. సెలవు రోజున అక్కడ నిలబడి ఫోటో దిగి ఇంటికి పంపించని వాళ్ళు మన క్యాంపుల్లో తక్కువ.

ఈ రామ్లీ ఎవరు, సలోమా ఎవరు? ఇద్దరూ భార్యాభర్తలు. ఆయన నటుడు, గాయకుడు, సంగీత దర్శకుడు, సినిమా దర్శకుడు. ఆమె గాయని, నటి. మన దగ్గర ఘంటసాల, ఎన్టీ రామారావు, భానుమతి పేర్లు ఎలాంటివో మలయ్ ప్రజలకు ఈ రెండు పేర్లు అలాంటివి. రోడ్డుకి పేరు పెట్టారు, వంతెనకి పేరు పెట్టారు. కానీ బతికి ఉన్నప్పుడు వాళ్ళ కడుపు ఎలా నిండింది? ఈ ప్రశ్న ఫోటో దిగేటప్పుడు ఎవరికీ రాదు.

మేము ఆఫీసుల్లో జీతాల పట్టీలు రాసుకునే గుమాస్తాలం. ఎవరి చరిత్ర చదివినా మా కళ్ళు ముందు నాలుగు కాలమ్‌ల మీదికే పోతాయి. జీతం ఎవరిచ్చారు, ఉండడానికి ఇల్లు ఎవరిచ్చారు, చేసిన పని ఎవరి సొంతమైంది, పని అయిపోయాక ఎవరు చూశారు. ఈ నాలుగు కాలమ్‌లు పెట్టి ఈ దేశపు నటుల కథ, దాని పక్కన మన సురభి నాటకాల వాళ్ళ కథ చెప్పుకుందాం. ఈ కథలో మనకు తెలిసిన సంగతులే ఎక్కువ కనిపిస్తాయి.

ఒకే ఏడాది, రెండు తీరాలు

పందొమ్మిదో శతాబ్దం చివర్లో మన దేశంలో పారశీ నాటక కంపెనీల హవా నడిచింది. రంగుల తెరలు, తళుకుల దుస్తులు, పాటలు, మాయలు, యుద్ధాలు అన్నీ వాళ్ళ దగ్గర ఉండేవి. ఇండియా, మలయా రెండూ అప్పట్లో ఇంగ్లీషు దొరల పాలనలోనే ఉన్నాయి కాబట్టి ఓడ ఎక్కితే చాలు, ఈ కంపెనీలు పెనాంగ్ రేవులో దిగేవి. మలయ్ వాళ్ళు ఆ ఆటని వయాంగ్ పార్సీ అన్నారు. వాళ్ళ భాష రాకపోయినా పాటల కోసం, తెరల కోసం జనం విరగబడి చూశారు.

ఆ ఆట చూసి, దాన్నే మలయ్ భాషలో ఆడితే ఎలా ఉంటుందని ఒకరికి తోచింది. ఆయన పెనాంగ్‌కి చెందిన మామక్ పుషి. 1885లో ఆయన పెట్టిన కంపెనీతోనే బంగ్సవాన్ అనే నాటకం మొదలైందని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. బంగ్సవాన్ అంటే గొప్పింటి వాళ్ళు, కులీనులు అని అర్థం. నాటకంలో వచ్చేది రాజులు, రాణులు, మంత్రులు. ఆడేది మాత్రం పేదవాళ్ళు.

అదే 1885లో, సముద్రానికి ఈవల, కడప జిల్లాలోని సురభి అనే ఊళ్ళో ఇంకో సంగతి జరిగింది. మహారాష్ట్ర నుంచి ఎప్పుడో వలస వచ్చిన కుటుంబాలు తోలుబొమ్మలు ఆడిస్తూ ఊరూరా తిరిగేవి. ఒక పెళ్ళి సందర్భంగా, బొమ్మలు పక్కన పెట్టి మనుషులే వేషాలు కట్టి కీచకవధ ఆడారు. ముందు నిలిచి నడిపించినవాడు వనారస గోవిందరావు. ఆ ఊరి పేరే వాళ్ళ ఇంటిపేరులా నిలిచిపోయింది. ఈనాటికీ వాళ్ళని సురభి వాళ్ళు అనే అంటాం.

వీళ్ళకీ వాళ్ళకీ సంబంధం ఉందని మేము అనడం లేదు. కాలం ఒకటి, గాలి ఒకటి. ఊళ్ళు తిరుగుతూ, గుడారం వేసి, టికెట్టు అమ్మి, ఆ డబ్బుతో మర్నాటి బియ్యం కొనుక్కునే బతుకు ఒకటి.

మన దగ్గర నాటకం ఆడిన వాళ్ళందరి బతుకూ ఇలాగే ఉందనుకోకూడదు. బళ్ళారి రాఘవ (1880–1946) గొప్ప నటుడు. ఇంగ్లండు దాకా వెళ్ళి వచ్చినవాడు. కానీ ఆయన వృత్తి ప్లీడరీ. కోర్టు కూడు పెట్టింది, నాటకం పేరు తెచ్చింది. సురభి వాళ్ళకి, బంగ్సవాన్ వాళ్ళకి ఆ రెండో పని లేదు. ఆ రాత్రి ఆట పడితేనే అన్నం. వాన పడితే పస్తు.

బంగ్సవాన్ నటుడి రోజు

బంగ్సవాన్ నటుడికి చేతిలో రాసిన సంభాషణలు ఉండేవి కావు. కథ ఇదీ, నీ వేషం ఇదీ అని చెబితే స్టేజీ ఎక్కి సొంతంగా మాట్లాడాలి. ఒక ఊళ్ళో వరుసగా ఆడితే రోజుకో కథ మార్చాలి. ఈ రోజు అరబ్బు కథ, రేపు హిందూ పురాణం, ఎల్లుండి షేక్‌స్పియర్ నాటకం. తెర మార్చే సమయంలో జనం విసుక్కోకుండా పాటలు, డాన్సులు, హాస్యం పెట్టేవారు. దాన్ని ఎక్స్‌ట్రా టర్న్ అన్నారు. రాజు వేషం కట్టినవాడే ఆట అయ్యాక పెట్టెలు మోయాల్సి వచ్చేది.

జీతం కాలమ్ చూస్తే, కలెక్షను వస్తే జీతం, రాకపోతే మాట. ఇల్లు కాలమ్ చూస్తే, స్టేజీ వెనకే పడక. కంపెనీ యజమాని చేతులెత్తేస్తే నటుడు తెలియని ఊళ్ళో రోడ్డు మీద నిలబడాలి. ఏజెంటు మాట నమ్మి వచ్చి, చెప్పిన కంపెనీ లేక ఎయిర్‌పోర్టులో కూర్చున్నవాళ్ళు మన మధ్య ఉన్నారు. వాళ్ళకి ఈ ముక్క వివరించి చెప్పక్కర్లేదు.

1930ల తర్వాత సినిమా వచ్చి బంగ్సవాన్ గుడారాలు ఖాళీ కావడం మొదలైంది. 1942 నుంచి 1945 వరకు జపాన్ వాళ్ళ పాలనలో మిగిలినవీ చితికిపోయాయి. నటులు సినిమా గేటు దగ్గరికి నడిచారు.

జలాన్ అంపస్: కంపెనీ ఇల్లు, కంపెనీ జీతం

ఆ గేటు సింగపూర్‌లో ఉంది. అప్పటికి సింగపూర్, మలయా మధ్య ఇప్పటిలా దేశాల సరిహద్దు లేదు, మలయ్ సినిమాకి రాజధాని సింగపూరే. 1934లో లైలా మజ్నూన్ అనే మలయ్ సినిమా అక్కడే తీశారు. దర్శకుడు ఇండియా నుంచి వచ్చిన బి.ఎస్. రాజహంస్. వేషాలు కట్టింది బంగ్సవాన్ వాళ్ళు.

యుద్ధం అయ్యాక 1947లో షా సోదరులు మలయ్ ఫిల్మ్ ప్రొడక్షన్స్ అనే కంపెనీ పెట్టారు. బలెస్టియర్ రోడ్డు దగ్గర జలాన్ అంపస్ అనే సందులో స్టూడియో. 1953లో కాథే-కెరిస్ అనే రెండో కంపెనీ పోటీకి వచ్చింది. దర్శకుల్ని చాలావరకు మన దేశం నుంచే రప్పించారు. రాజహంస్, బి.ఎన్. రావు, ఎస్. రామనాథన్, ఫణి మజుందార్ అలా వచ్చినవాళ్ళే. మద్రాసులో పుట్టి ఇక్కడ పెరిగిన ఎల్. కృష్ణన్ కూడా ఆ వరుసలో నిలిచాడు. మన దేశపు కథల్నే మలయ్‌లోకి మార్చి తీసేవారు. పాత మలయ్ సినిమాల్లో చెట్టు కింద పాట, విడిపోయిన తల్లీ కొడుకుల కథ చూసి మనకి ఎక్కడో చూసినట్టే అనిపిస్తుందంటే కారణం ఇదే.

ఇక నటుల సంగతి. వాళ్ళు కంపెనీలో నెల జీతగాళ్ళు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టి పనిలో చేరాలి. స్టూడియో దగ్గరలోనే కంపెనీ ఇచ్చిన ఇళ్ళలో ఉండాలి. ఈ రోజు హీరో వేషం, రేపు గుంపులో వేషం. సినిమా ఊరూరా ఎన్నేళ్ళు ఆడినా, ఎన్ని దేశాల్లో ఆడినా, అది కంపెనీ సొత్తు. 1947 నుంచి 1967 వరకు ఆ ఒక్క స్టూడియో నుంచే 150కి పైగా సినిమాలు వచ్చాయి.

కంపెనీ ఇల్లు ఇవ్వడం మంచిదేగా అని ఎవరైనా అనవచ్చు. మంచిదే. అద్దె బాధ లేదు, పనికి నడిచి పోవచ్చు. కానీ ఉద్యోగం పోయిన రోజునే ఇల్లూ పోతుంది. యజమానితో గట్టిగా మాట్లాడే ముందు మనిషి పిల్లల పడక గురించి ఆలోచించాలి. క్యాంపులో మంచం ఉన్న ఎవరికైనా ఈ లెక్క తెలుసు.

పెనాంగ్ కుర్రాడు

పి. రామ్లీ 1929 మార్చి 22న పెనాంగ్‌లో పుట్టాడు. అసలు పేరు తెకు జకారియా. తండ్రి సుమత్రా దీవిలోని అచే నుంచి వలస వచ్చిన నావికుడు. అంటే ఈ దేశం నెత్తిన పెట్టుకున్న కళాకారుడు కూడా వలస కూలీ కొడుకే. 1948లో బుకిట్ మెర్తాజంలో ఒక ప్రదర్శనలో అతను పాడుతుంటే రాజహంస్ విని సింగపూర్ రమ్మన్నాడు. మొదటి సినిమా చింతా. అందులో చిన్న దుర్మార్గుడి వేషం, తెర వెనక హీరోకి పాట. హీరో వేషం రావడానికి 1950 దాకా, ఎల్. కృష్ణన్ తీసిన బక్తి దాకా ఆగాలి. 1955లో పెనారెక్ బెచా సినిమాతో దర్శకుడయ్యాడు. అది రిక్షా తొక్కే పేదవాడి కథ. అప్పటిదాకా దర్శకుడి కుర్చీ చాలావరకు బయటి నుంచి వచ్చినవాళ్ళదే. అందులో స్థానిక కుర్రాడు కూర్చుంటే జనం తమ గెలుపు అనుకున్నారు.

అతను 1961లో తీసిన సెనిమన్ బుజంగ్ లపోక్ మన క్యాంపు వాళ్ళు తప్పక చూడాల్సిన సినిమా. భాష రాకపోయినా నవ్వు వస్తుంది. ముగ్గురు బ్రహ్మచారులు, చేతిలో డబ్బులేని వాళ్ళు, స్టూడియోలో నటుల ఉద్యోగం కోసం వెళతారు. గేటు దగ్గర కాపలావాడిని దాటాలి. లోపల దర్శకుడి చీవాట్లు తినాలి. వేషం దొరికాక డైలాగు కంఠతా పట్టాలి. కానీ వాళ్ళుండేది పది కాపురాలున్న అద్దె ఇల్లు. ఒక గదిలో పోట్లాట, ఒక గదిలో బాకా. ఎక్కడ కూర్చుని చదువుకోవాలి? ఒక గదిలో పదిమందిమి ఉంటూ, నైట్ షిఫ్టు చేసి పగలు నిద్రపోవాలని చూసే మనకి ఆ సీను హాస్యమూ అవుతుంది, నిజమూ అవుతుంది. రామ్లీ తన స్టూడియోనే తెర మీద పెట్టి, నటుడి ఉద్యోగం ఎలాంటిదో నవ్విస్తూ చెప్పాడు.

గేటు బయట నిలబడ్డ రాజులు

నవ్వుతూ చెప్పడానికి ముందు వాళ్ళు గట్టిగానే అడిగారు. 1954లో నటులు, స్టూడియో పనివాళ్ళు కలిసి పెర్సామా అనే సంఘం పెట్టుకున్నారు. దాని తొలి అధ్యక్షుడు పి. రామ్లీయే. బాగా నడుస్తున్న హీరో, కంపెనీకి కావలసినవాడు, తన మట్టుకు తను జీతం పెంచుకుని ఊరుకోవచ్చు. కానీ లైట్లు మోసేవాడు, గుంపులో నిలబడేవాడు కూడా ఉన్న సంఘంలో అతను పేరు రాయించుకున్నాడు.

1957లో జీతాల దగ్గర గొడవ ముదిరింది. సంఘంలో చురుగ్గా ఉన్న కొందరిని కంపెనీ పనిలోంచి తీసేసింది. సంఘం సమ్మె కట్టింది. తెర మీద సుల్తానులు, సేనాపతులు అయినవాళ్ళు స్టూడియో గేటు బయట నిలబడ్డారు. వాళ్ళ సినిమాలకి టికెట్టు కొన్న జనానికి మొదటిసారి తెలిసింది, తాము చూసే రాజు నెలాఖరుకి జీతం కోసం చూసే మనిషని. వారాల తరబడి సాగాక రాజీ కుదిరి పని మళ్ళీ మొదలైంది.

అదే ఏడాది టోక్యోలో జరిగిన ఆసియా సినిమా ఉత్సవంలో అనక్కు సజాలి సినిమాకి రామ్లీ ఉత్తమ నటుడు అయ్యాడు. అదే ఏడాది ఆగస్టు 31న మలయాకి స్వాతంత్ర్యం వచ్చింది. ఒకే సంవత్సరంలో సమ్మె, బహుమతి, స్వాతంత్ర్యం. చరిత్ర పుస్తకాల్లో చివరి రెండూ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. మొదటిది వెతుక్కోవాలి.

నాలుగో కాలమ్

తర్వాతి కథ చప్పున ముగిసిపోతుంది. 1963లో టీవీ వచ్చింది. ఇండోనేషియాతో గొడవల వల్ల అక్కడి మార్కెట్టు మూసుకుపోయింది. ఖర్చు పెరిగింది, రాబడి తగ్గింది. 1967లో జలాన్ అంపస్ స్టూడియో మూతపడింది. కంపెనీ యజమానికి వేరే వ్యాపారాలు, వేరే దేశాలు ఉన్నాయి. నటుడికి ఉన్నది మొహం, గొంతు. అవి పాతబడితే మార్చుకోలేడు.

రామ్లీ 1964లోనే కౌలాలంపూర్ వచ్చి ఉలు క్లాంగ్‌లోని మెర్దెకా స్టూడియోలో చేరాడు. సింగపూర్‌లో ఉన్న సౌకర్యాలు ఇక్కడ లేవు. సినిమాలు మునుపటిలా ఆడలేదు. జనం అభిరుచి మారింది. 1972లో వచ్చిన లక్సమానా దో రే మీ ఆఖరి సినిమా. 1973 మే 29న గుండెపోటుతో పోయాడు. వయసు 44. 60కి పైగా సినిమాల్లో నటించి, వందల పాటలు కట్టినవాడు డబ్బుకి ఇబ్బంది పడుతూనే పోయాడు. 1986లో సెతాపాక్‌లో ఆయన ఇంటిని స్మారక మందిరం చేశారు. 1990లో తాన్ శ్రీ బిరుదు ఇచ్చారు. పోయిన 17 ఏళ్ళకి.

ఇందులో ఒక్కరిని దోషి అని చూపించడం మా ఉద్దేశం కాదు. షా కంపెనీ లేకపోతే ఆ సినిమాలే లేవు. మేము చెప్పేది ఒకటే. జీతం, ఇల్లు, చేసిన పని మీద హక్కు మూడూ ఒకే చేతిలో ఉన్నప్పుడు నాలుగో కాలమ్ ఖాళీగా మిగిలిపోతుంది. ఎంత పేరున్నా అంతే.

సురభి వాళ్ళ లెక్క వేరు

మన సురభి వాళ్ళకి డబ్బు వచ్చిందా? రాలేదు. మంచి రోజుల్లో ముప్పైకి పైగా సురభి సమాజాలు తెలుగు నేలంతా తిరిగాయి. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో సురభి కమలాబాయి నటించింది, మన తొలి సినిమా హీరోయిన్ అయింది. ఆ సినిమాయే తర్వాత సురభి గుడారాలు ఖాళీ చేసింది. మిగిలిన సమాజాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. 

అయినా ఆట ఆగలేదు. కారణం మాకు ఒకటే కనిపిస్తుంది. అక్కడ కంపెనీ బయటివాళ్ళది కాదు, కుటుంబానిది. తెరలు వాళ్ళవి, కిరీటాలు వాళ్ళవి, మాయాబజార్‌లో మంటలు, వానలు, ఆకాశంలో ఎగిరే నారదుడు, అన్నిటి కిటుకూ వాళ్ళదే. పుట్టిన పసివాడు బాలకృష్ణుడు, మీసం వచ్చాక అర్జునుడు, ముసలివాడయ్యాక భీష్ముడు. చూపు ఆనని రోజున హార్మోనియం దగ్గరో టికెట్ల దగ్గరో కూర్చుంటాడు. ఆడవేషాలు మగవాళ్ళే కట్టే కాలంలోనే వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు స్టేజీ ఎక్కారు. ఒకే పొయ్యి మీద అందరికీ వంట.

1937లో సిక్కోలు వైపు జిమిడిపేటలో పుట్టిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి అలాగే నిలబడింది. దాన్ని నడిపించిన రేకందార్ నాగేశ్వరరావు, అందరూ బాబ్జీ అని పిలిచే పెద్దాయన, 2013లో పద్మశ్రీ అందుకున్నారు, 2022లో కన్నుమూశారు. బిరుదు బతికి ఉండగానే వచ్చింది. హైదరాబాదు శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. 2020లో కరోనా వచ్చి నాటకశాలలు మూసినప్పుడు వాళ్ళూ ఇబ్బంది పడ్డారు, కానీ చెదిరిపోలేదు.

ఇదీ పూర్తిగా తీపి కథ కాదు. ఆ పిల్లలకి చదువు సరిగ్గా సాగేది కాదు, ఊరు మారినప్పుడల్లా బడి మారేది. ఇంకో పనికి పోదామన్నా దారి తెలిసేది కాదు. ఉమ్మడి పొయ్యి కాపాడుతుంది, కట్టేస్తుంది కూడా.

మనకేమిటి?

మనలో వేషం కట్టినవాళ్ళు తక్కువ కాదు. ఊళ్ళో ఒగ్గు కథ చెప్పినవాడు, చిందు ఆడినవాడు, బుర్రకథలో వంతపాట పాడినవాడు, కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టుగా నిలబడి సగం కూలి ఏజెంటుకి ఇచ్చి విసిగి పాస్‌పోర్టు చేయించుకున్నవాడు, ఎవరో ఒకరు మీ క్యాంపులోనే ఉండి ఉంటారు. వాళ్ళని అడిగి చూడండి. శనివారం రాత్రి ఒక పద్యం పాడించండి. ఖర్చులేని పని.

కానీ ఈ కథ వాళ్ళ కోసమే కాదు. ఈ దేశంలో మనం ఇల్లు కట్టే మేస్త్రీ అయినా, గ్లవ్సు ఫ్యాక్టరీలో మిషను తిప్పినా, ఆఫీసులో మాలా పట్టీలు రాసినా, మన జీతం, మన మంచం, మన పర్మిట్టు మూడూ ఒకే కంపెనీ కాగితం మీద ఉన్నాయి. కాబట్టి నాలుగో కాలమ్ మనమే రాసుకోవాలి. కాంట్రాక్టు కాపీ ఒకటి మన దగ్గరే ఉంచుకోవాలి. జీతం స్లిప్పులు పారేయకూడదు. ఇంటికి పంపే దాంట్లో పండక్కి ఎంత, పిల్లల చదువుకి ఎంత, మనం వెనక్కి వెళ్ళిన రోజుకి ఎంత అని భార్యతోనో, అమ్మానాన్నలతోనో ఇప్పుడే మాట్లాడుకోవాలి. పక్క మంచం వాడికి కష్టం వస్తే అది వాడి గొడవ అనుకోకూడదు. హీరో అయ్యుండి కూడా రామ్లీ అలా అనుకోలేదు.

వచ్చే సెలవు రోజున వీలుంటే నలుగురు కలిసి సెతాపాక్ వెళ్ళి ఆ ఇల్లు చూసి రండి. అక్కడ పియానో, ఫోటోలు, బహుమతులు ఉంటాయి. వాటి మధ్య నిలబడి, ఆ మనిషి మొదటి ఉద్యోగం తెర వెనక నిలబడి ఇంకొకరి కోసం పాడడమని గుర్తు చేసుకోండి. మనలో చాలామంది చేస్తున్నది కూడా అదే. మనం కట్టిన ఇంట్లో ఇంకొకరు ఉంటారు, మనం పంపిన డబ్బుతో ఊళ్ళో ఒక ఇల్లు లేస్తుంది. పేరు తెర మీద లేకపోయినా ఆ పాట మనదే.